డిస్‌ఎన్‌చాంటెడ్ చూసినవాళ్ళు చెప్పండి: చివర్లో మోర్గన్ అన్న ఆ మాట దగ్గర మీకేమనిపించింది?

కడప టైలరక్క:

కథ మొత్తం చెప్పేస్తున్నాను. ఇంకా చూడనివాళ్ళు చూసి వచ్చి చదవండి.

శుక్రవారం హాట్‌స్టార్‌లో వచ్చింది. ఆదివారం అన్నం తిని నేనూ మా పాపా కూర్చున్నాం. 2007లో వచ్చిన డిస్నీవాళ్ళ సినిమా ఎన్‌చాంటెడ్‌కి ఇది రెండో భాగం, పదిహేనేళ్ళకు తీశారు. ఆ మొదటి సినిమా మా ఇంట్లో ఎన్నిసార్లు ఆడిందో లెక్కే లేదు. దానికో కారణం ఉంది.

నాకు పెళ్ళయ్యేనాటికి పాపకు ఐదేళ్ళు. తల్లి పోయిన బిడ్డ. మూడు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. నేను మిషన్ తొక్కుతుంటే గడప అవతల నిలబడి చూసేది, పిలిస్తే వెళ్ళిపోయేది. ఒకరోజు మా మరిది డీవీడీ తెచ్చి పెట్టాడు. బొమ్మల లోకంలోని పిల్ల జిజెల్ న్యూయార్కులో వచ్చి పడుతుంది, రాబర్ట్ ఇంట్లో తలదాచుకుంటుంది. అతని కిటికీ కర్టెన్లు కత్తిరించి గౌను కుట్టుకుంటుంది. అతను చూస్తే కర్టెన్లలో గౌను ఆకారంలోనే ఖాళీ! అది చూసి పాప పకపకా నవ్వి, నా వైపు తిరిగి, “నువ్వూ అట్ల కుడతావా?” అనింది. నన్ను తను అడిగిన మొదటి మాట అదే. వెనక గదిలో గులాబీపూల కర్టెన్ ఒకటి ఉండేది. ఆ సాయంత్రమే దించి కత్తెర పెట్టాను. బుట్టచేతులు, నడుం దగ్గర దట్టంగా కుచ్చిళ్ళు, వెనక పెద్ద బో. కర్టెన్ గుడ్డ మందం కదా, కుచ్చు దగ్గర సూది రెండుసార్లు విరిగింది. పాప మిషన్ పక్కనే కూర్చుని దారం అందించింది.

అందుకే ఈ రెండో భాగం కోసం మేం మిగతావాళ్ళకంటే ఎక్కువ ఎదురుచూశాం.

ఇందులో జిజెల్, రాబర్ట్ పెళ్ళి చేసుకుని ఉన్నారు. రాబర్ట్ మొదటి భార్య కూతురు మోర్గన్ పెద్దదైంది. ఊరు మారుతున్నారని తల్లిదండ్రుల మీద కోపం. ఆ కోపంలో జిజెల్‌ను “నువ్వు నాకు సవతి తల్లివే” అన్నట్టు అనేస్తుంది. జిజెల్ మంత్రదండం పట్టుకుని, మా బతుకు పాత కథల్లోలాగా అయిపోవాలని కోరుకుంటుంది. ఊరంతా కథగా మారుతుంది. కానీ పాత కథల్లో సవతి తల్లికి ఒకే వేషం కదా! కాబట్టి అర్ధరాత్రి గంటలు కొట్టేలోపు తనే దుర్మార్గురాలిగా మారిపోతూ ఉంటుంది. మారిపోతున్నానని తనకు తెలుస్తూనే ఉంటుంది. ఈ ఆలోచన రాసినవాళ్ళకు చేతులెత్తి మొక్కాలనిపించింది నాకు. ఏమీ 'చేయకపోయినా' ఆ పేరు తగిలించుకుని తిరిగేవాళ్ళకు అదెంత నిజమో తెలుస్తుంది. మనకు మాత్రం తక్కువా? ధ్రువుణ్ణి తండ్రి ఒళ్ళోంచి దింపిన సురుచి, సారంగధరుడి కాళ్ళూ చేతులూ నరికించిన చిత్రాంగి, రాముణ్ణి అడవులకు పంపిన కైక. పెళ్ళిళ్ళలో నన్ను మెచ్చుకునేవాళ్ళు కూడా “సవతి తల్లి అయినా ఎంత బాగా చూసుకుంటోందో” అంటారు. ఆ “అయినా” ఉంది చూడండి, పదేళ్ళుగా అది నాకు గుచ్చుకుంటూనే ఉంది.

ఇక నా ప్రశ్న. చివర్లో జిజెల్ ప్రాణం పోతుంటే మోర్గన్ దండం పట్టుకుని, మా అమ్మతో మా ఇంట్లో ఉండాలి అని కోరుకుంటుంది. అప్పటిదాకా సవతి తల్లి అన్న పిల్ల అక్కడ అమ్మ అంటుంది. అందరూ ఏడ్చేది అక్కడే అనుకుంటా. నాకు మాత్రం ఏడుపు రాలేదు, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. మా పాప నన్ను మొదటి నుంచీ “చిన్నమ్మా” అనే పిలుస్తుంది. ఎప్పుడూ మార్చలేదు, మార్చమని నేనూ అడగలేదు. ఆ సినిమాలో మాట మారితే తప్ప ప్రేమ రుజువు కానట్టు నాకెందుకు అనిపించింది? నాకొక్కదానికేనా? మీకు ఎట్లా అనిపించిందో చెప్పండి. పాటల గురించి, బొమ్మల గురించి కూడా రాయండి, నేను అన్నీ చదువుతాను.

కర్నూలు పెన్సిల్:

అక్కా, నేను అక్కడ ఏడ్చాను. దాచుకునేదేముంది. కానీ మీరు రాసింది చదివాక ఆ సీను మళ్ళీ పెట్టి చూశాను. మీరు అన్నది నాకు ముందు తట్టనే లేదు.

నేను బొమ్మలు కదిలించే పనిలో ఉన్నాను కాబట్టి బొమ్మల సంగతి చెప్తాను. మొదటి సినిమా మొదట్లో సుమారు పది నిమిషాలు చేత్తో గీసిన బొమ్మలే. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా సెకనుకు 12 గీయాలి. అంటే పది నిమిషాలకు ఒక్క పాత్రకే ఏడు వేల పైచిలుకు. అప్పటికి డిస్నీవాళ్ళు చేతిగీత సినిమాలు ఆపేశారు, అందుకని ఆ భాగాన్ని జేమ్స్ బాక్స్టర్ అనే యానిమేటర్ స్టూడియోకు ఇచ్చి గీయించారు.

మీరు టైలర్ కాబట్టి మీకు ఇంకోటి చెప్పాలి. ఈసారి చూసినప్పుడు జిజెల్ పెళ్ళిగౌను గమనించండి. బొమ్మలో ఆ గౌనుకు గీతలు చాలా తక్కువ. ఎందుకంటే ఎన్ని కుచ్చిళ్ళుంటే అన్నీ ప్రతి ఫ్రేములోనూ మళ్ళీ మళ్ళీ గీయాలి. మ్యాన్‌హోల్ మూత తోసుకుని టైమ్స్ స్క్వేర్‌లోకి రాగానే అదే గౌను గుడ్డతో కుట్టింది. పొరల మీద పొరలు, బుట్టలాంటి చేతులు, కింద వలయాలు. ఎమీ ఆడమ్స్ మోసిన ఆ గౌను బరువు సుమారు 20 కిలోలు. బొమ్మగా ఉన్నప్పుడు దూదిలా తేలిపోయిన పిల్ల, మనిషి కాగానే మనుషుల మధ్య గౌను ఈడ్చుకుంటూ నడవలేక అవస్థ పడుతుంది. మన లోకంలో బరువు ఉంటుందని ఒక్క మాట లేకుండా చెప్పారు. తెర కూడా మారుతుంది. బొమ్మలున్నంతసేపూ తెర వెడల్పు తక్కువ, న్యూయార్కులోకి వచ్చాక పక్కలకు విచ్చుకుంటుంది.

రెండో భాగంలో నాకు నచ్చింది మోర్గన్ బావిలోంచి అండలేసియాకు, అంటే జిజెల్ వచ్చిన బొమ్మల లోకానికి, పోయినప్పుడు తను బొమ్మగా మారడం. మొదటి సినిమాకు తిరగబడిన దారి అది. అక్కడ ఇంకాసేపు ఉండనిచ్చి ఉంటే బాగుండేది. గీసిన చెయ్యి కనిపించాలి నాకు. మొదటిదాంట్లో కనిపించింది, ఇందులో కొంచెం తగ్గింది.

ప్రొద్దుటూరు పాటలపిచ్చి:

అక్కా, మీ కర్టెన్ గౌను ఫోటో ఉంటే పెట్టండి ప్లీజ్!

నాకు మోర్గన్ వయసు దాటి మూడేళ్ళే అయింది కాబట్టి ఆ పిల్ల తరఫున ఒక మాట. స్నేహితులందరినీ వదిలేసి కొత్త ఊరికి రమ్మంటే ఎవరికైనా మండుతుంది. కోపంలో ఎదుటివాళ్ళకు ఎక్కువ నొప్పి పుట్టించే మాట ఏదో అదే నోట్లోంచి వస్తుంది. నేను మా సొంత అమ్మనే అనరాని మాటలన్నాను పదో తరగతిలో. కాబట్టి చివర్లో “అమ్మ” అన్నది ప్రేమ రుజువు చేయడానికి అనిపించలేదు నాకు. తను ముందు విసిరిన మాటను తనే వెనక్కి తీసుకుంటున్నట్టు అనిపించింది.

పాటల దగ్గరకొస్తే నేను మొదటి సినిమా మనిషిని. అలన్ మెంకెన్ బాణీలు, స్టీఫెన్ ష్వార్ట్జ్ మాటలు. ఆ ఒక్క సినిమా నుంచే మూడు పాటలు ఆస్కార్ నామినేషన్‌కు వెళ్ళాయి. మూడింట్లో ఏదీ గెలవకపోవడం వేరే బాధ. సెంట్రల్ పార్కు పాటలో రాబర్ట్ “నీకు ఈ పాట ముందే తెలుసా? వీళ్ళందరికీ ఎట్లా తెలుసు?” అన్నట్టు అయోమయంగా చూస్తుంటాడు, పార్కు మొత్తం జిజెల్ వెంట పాడుతూ ఉంటుంది. మన సినిమాల్లో హీరోయిన్ వెనక యాభైమంది ఒకేసారి అడుగులేస్తే మనమెవరం ఎప్పుడూ అడగలేదు, అందుకే నాకు ఆ సీను అంత ఇష్టం.

రెండో భాగానికీ ఆ ఇద్దరే చేశారు. పాటలు ఎక్కువే, కానీ చూసిన మర్నాడు నోట్లో ఆడేవి నాకైతే రెండే. ఒకటి జిజెల్, ఆ కొత్త ఊళ్ళో పెత్తనం చేసే మాల్వినా ఇద్దరూ నేను చెడ్డంటే నేను చెడ్డని పోటీపడే పాట. ఎమీ ఆడమ్స్ గొంతు ఒక లైనులో తేనె, తర్వాతి లైనులో కారం. రెండోది ఇడీనా మెంజెల్ పాడింది. మొదటి సినిమాలో ఆమె రాబర్ట్ ముందు పెళ్ళి చేసుకోవాలనుకున్న నాన్సీగా నటించింది కానీ ఒక్క పాట ఇవ్వలేదు. అంత గొంతు పెట్టుకుని! ఆ తర్వాత ఫ్రోజెన్‌లో ఎల్సా అయి ప్రపంచమంతా తెలిసింది. మనవాళ్ళకు ఎల్సా అంటే ఫ్రోజెన్ 2 తెలుగులో నిత్యా మీనన్, చిన్నప్పటి ఎల్సాకు మహేశ్‌బాబు కూతురు సితార గుర్తొస్తారు గానీ ఇంగ్లీషులో ఆ గొంతు ఈమెదే. పదిహేనేళ్ళకు నాన్సీకి పాట దొరికింది. ఆమె ఆ పై స్వరం అందుకున్నప్పుడు నేను హాస్టల్ రూములో లేచి నిలబడ్డాను.

తాడిపత్రి తెలుగు మాస్టారు:

అమ్మా, మీరు కైక పేరు ఎత్తారు కాబట్టి రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు ఆ పాఠం చెప్పినవాణ్ణి.

వాల్మీకి రామాయణంలో రాముడి పట్టాభిషేకం కబురు మంథర తెచ్చినప్పుడు కైక ఏం చేసిందో మీ పాపను చదివి చూడమనండి. సంతోషంతో ఒక నగ మంథరకు బహుమానం ఇచ్చింది. రాముడికీ భరతుడికీ నాకు తేడా లేదు అంది. ఆ తర్వాత కదా మంథర చెవిలో విషం పోసింది. పిల్లలకు పరీక్షలో రెండు వరాలు ఏమిటని అడుగుతాం గానీ, ఆ నగ సంగతి ఎవరూ అడగరు. మీరు చెప్పిన సినిమా నా మనవరాలు చూపించింది. జిజెల్ మీద గంట గంటకూ ఆ మాయ కమ్ముకోవడం చూస్తుంటే నాకు మంథర మాటలు ఒక్కొక్కటే కైకకు ఎక్కడం కనిపించింది. తేడా ఏమిటంటే జిజెల్‌కు తెలుస్తోంది, పోరాడుతోంది. కైకకు ఆ అవకాశం కవి ఇవ్వలేదు.

ఆ ఇద్దరు ఆడవాళ్ళ పోటీ పాట మా తరానికి కొత్త కాదు. గయోపాఖ్యానం నాటకంలో కృష్ణార్జునుల సంవాదం పద్యాలు తెల్లవార్లూ విన్నవాళ్ళం. నువ్వెంతంటే నువ్వెంత అని ఒకరి పద్యం మీద ఒకరు ఎత్తుకుంటుంటే జనం వన్స్‌మోర్ కొట్టేవారు.

ఇంకొక్క మాట, మా ఊరి గర్వం కొద్దీ. 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్ తీసిన కె.వి. రెడ్డిగారు పుట్టింది తాడిపత్రిలోనే. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరి వెళ్ళేటప్పుడు, అది మాయ అని తెలిసీ మనం నమ్మాం. ఎందుకంటే ఆయన ముందు పెళ్ళింటి గోలను, వియ్యాలవారి బింకాన్ని మన ఇళ్ళలో ఉన్నట్టే చూపించాడు. నేల గట్టిగా ఉంటేనే మాయ నిలబడుతుంది. ఈ కొత్త సినిమా ఆ నేలను, అంటే ఆ తల్లీకూతుళ్ళ పదేళ్ళ కాపురాన్ని, రెండు నిమిషాల్లో దాటేసి మాయలోకి దూకింది. మీ గొంతులో అడ్డం పడ్డది అదేనేమో చూసుకోండి.

కడప టైలరక్క:

అందరికీ దణ్ణాలు. మాస్టారుగారూ, మీరు చెప్పిన నగ సంగతి నాకు నిజంగా తెలియదు. నిన్న రాత్రి నుంచి అదే తిరుగుతోంది మనసులో.

మీరన్న ఆ నేల మొదటి సినిమాలో ఉంది. డాన్సుకు పోయే ముందు చిన్న మోర్గన్ నాన్న క్రెడిట్ కార్డు తెచ్చి ఇచ్చి జిజెల్‌ను షాపింగ్‌కు తీసుకుపోతుంది. ఇద్దరూ అమ్మతో షాపింగ్‌కు పోయి ఎరుగరు. పక్కపక్కనే కూర్చుని ఆ మాట చెప్పుకుంటారు. మా పాపను మొదటిసారి వై.వి. స్ట్రీట్‌కు తీసుకుపోయినప్పుడు పావడా గుడ్డ ఎంచుకోమంటే అది నా మొహం చూసి, “నీకు ఏది ఇష్టం?” అని అడిగింది. ఆ సీను వచ్చినప్పుడల్లా నాకు ఆ దుకాణం, ఆ గుడ్డల వాసన గుర్తొస్తాయి. రెండో భాగంలో అట్లాంటి సీను ఒక్కటి ఉన్నా చాలు, చివర్లో నేనూ ఏడ్చేదాన్ని.

ప్రొద్దుటూరు చెల్లీ, నువ్వు చెప్పింది పాపకు చదివి వినిపించాను. వినేసి, “ఆ పిల్ల అమ్మ అన్నప్పుడు నువ్వెందుకు మొహం తిప్పుకున్నావ్?” అని అడిగింది. గమనించిందని నాకు తెలియదు. ఇక్కడ రాసింది మొత్తం చూపించాను. చదివి కాసేపు ఊరుకుంది. తర్వాత, “వాళ్ళకు చిన్నమ్మ అనే మాట లేదు కదా చిన్నమ్మా, పాపం. ఉంటే అదే అనేది” అంది.

ఫోటో అడిగావు కదా. అప్పుడు తియ్యలేదు. గౌను మాత్రం ఉంది, బీరువాలో అడుగున. పాప తీసి ఒంటికి ఆనించుకుని చూసుకుంది, మోకాళ్ళ పైకే వచ్చింది. బో ఒక పక్క ఊడిపోయింది. ఆ ముక్క కోసి బ్యాగుకు కుట్టిపెట్టమంటోంది. కోయడానికి నాకు చెయ్యి రావడం లేదు, అందుకని అదే రకం పూలగుడ్డ దొరుకుతుందేమో రేపు దుకాణాలన్నీ తిరిగి చూస్తాను.