చమురు తినే బాక్టీరియాతో చమురు తీయడం ఎలా సాధ్యం?

ప్రశ్న: కాకినాడ_విద్యార్థి

నేను పెట్రోలియం ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఉత్పత్తి పడిపోయిన బావుల్లోకి సూక్ష్మజీవులను పంపి, మిగిలిన చమురును రాబట్టే పద్ధతిని మాకు ఒక్క తరగతిలో చెప్పి ముగించారు. సముద్రంలో ఒలికిన చమురును తినేసేవీ బాక్టీరియాయే కదా, మరి భూమి లోపల అవి మన చమురును తినెయ్యవా? అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్త క్లాడ్ జోబెల్ 1946లోనే పేటెంటు పొందిన ఆలోచన మన గోదావరి బావుల దగ్గర ఎందుకు కనిపించదు? తెలిసినవారు వివరించగలరు.

జవాబు: ఇసుకరాయి

సముద్రం మీద ఆక్సిజన్ ఉంటుంది కనుక అక్కడ చమురు త్వరగా హరిస్తుంది. చమురు ఉన్న రాతి పొర లోపల ఆక్సిజన్ ఉండదు, అక్కడ చమురును తినడం చాలా నెమ్మదిగా సాగే పని. అందుకే వాటికి తిండిగా సాధారణంగా చక్కెర మిల్లుల మొలాసిస్‌ను (చక్కెర తీశాక మిగిలే చిక్కటి పాకాన్ని) పంపుతారు. సహజమైన ఒత్తిడితో కొంత, నీటితో నెట్టి మరికొంత తీశాక కూడా తరచుగా సగానికి పైగా చమురు రాతి రంధ్రాలను పట్టుకొని ఉండిపోతుంది. తలంటు రోజున ఉత్త నీళ్లు ఎన్ని చెంబులు పోసినా జుట్టును వదలని నూనె కుంకుడు పులుసు పడగానే వదులుతుంది కదా, మొలాసిస్ తిన్న బాక్టీరియా విడుదల చేసే పదార్థాల్లో కొన్ని అలాంటి పనే చేస్తాయి. వాటితోపాటు వెలువడే వాయువులు చమురును పలుచబరుస్తాయి, ఆమ్లాలు సున్నపురాయిని కొంత కరిగిస్తాయి.

జవాబు: మెహసానా_మాజీ

నేను గుజరాత్ బావుల మీద కొన్నేళ్లు పనిచేశాను. అక్కడ చేసేది ఒకే బావితో నడిచే పద్ధతి: కల్చర్‌ను (పెంచి సిద్ధం చేసిన బాక్టీరియాను), పోషకాలను ఉత్పత్తి బావిలోకే దింపి, సుమారు మూడు వారాలు మూసి ఉంచి, మళ్లీ పంపు నడుపుతారు. ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ, ఢిల్లీలోని పరిశోధన సంస్థ టెరి కలిసి 90 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకునే బాక్టీరియా సముదాయాలను రూపొందించాయి. అయితే సూక్ష్మజీవి ఎంత మంచిదైనా పని శుభ్రంగా జరగకపోతే ఫలితం దక్కదు. ఒకసారి కాంట్రాక్టు మనుషులు మొలాసిస్‌ను సరిగా వడకట్టకుండానే దింపారు. ఒత్తిడి చూపే గేజి ముల్లు పైకి పోతూనే ఉన్నా పంపు ఆపలేదు. మడ్డి వెళ్లి పొర ముఖాన్నే మూసేసింది కాబోలు, బావి తెరిచాక అంతకుముందు వస్తున్న చమురు కూడా రాలేదు.

జవాబు: దార్సీ_లెక్క

కుంకుడు పోలిక అందంగానే ఉంది కానీ లెక్క అంత సులువుగా కుదరదు. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియా తయారుచేసే సర్ఫాక్టిన్ అనే సబ్బులాంటి పదార్థం నీటి తలతన్యతను (ఉపరితలాన్ని బిగించి ఉంచే బలాన్ని) మీటరుకు 72 మిల్లీన్యూటన్ల నుంచి 27కు దించుతుంది. అయితే రంధ్రాల్లో చిక్కిన చమురు కదలాలంటే చమురుకు, నీటికి మధ్య ఉండే తన్యత వేల రెట్లు తగ్గాలి, అది కూడా రాతిలో దూరం వరకు. కాబట్టి చాలాచోట్ల కనిపించే లాభం, నీరు సులువుగా పారిపోయే దారులను బాక్టీరియా, వాటి జిగురు మూసి, నీటిని చమురు మిగిలిన వైపు మళ్లించడం వల్ల వచ్చిందని నా అభిప్రాయం.

ఇక గోదావరి మాట. కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాసు పాలు ఎక్కువ, లోతైన బావుల్లో వేడి 90 డిగ్రీలను సునాయాసంగా దాటుతుంది. గుజరాత్‌లోని తక్కువ లోతు పొరలకు సరిపోయేది ఇక్కడ బతకదు.

కాకినాడ_విద్యార్థి

ధన్యవాదాలండీ. బయటి బాక్టీరియాను పంపకుండా పొరలో ముందునుంచే ఉన్నవాటికే తిండి పెడితే సరిపోదా?

ఇసుకరాయి

సరిపోయిన సందర్భాలున్నాయి. అమెరికాలోని అలబామాలో నార్త్ బ్లోహార్న్ క్రీక్ క్షేత్రంలో 1994లో మొదలైన ప్రయోగంలో, నెట్టే నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్ కలిపి స్థానిక జీవులనే పెంచారు. నైట్రేట్‌తో మరో మేలు కూడా ఉంది: కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పుట్టించి పైపులను తినేసే సల్ఫేట్‌ను వాడుకొని బతికే బాక్టీరియాను అది అణచివేస్తుంది. తమాషా ఏమిటంటే, జోబెల్ తన పేటెంటులో పనికి పెట్టింది ఆ జాతినే.