ఇంటి పక్క తుక్కు జీపు: తూకానికి ఇయ్యొచ్చా?

పానగల్ రోడ్: ఏపీ 24 సిరీస్ డీజిల్ జీపు. ఓనర్ చనిపోయిండు, ఆర్సీ గడువు అయిపోయింది. ప్లాటుల నిలబడి ఉంది, కింద ఆయిల్ కారి మన్ను నల్లబడ్డది. మున్సిపాలిటీ నోటీసు వచ్చింది. పాత ఇనుపసామానోళ్లు తూకానికి అడుగుతున్నరు. ఇయ్యొచ్చా? మన్ను ఏం చేయాలె?

ఆర్సీ కాయితాలు: ఇనుము పోతది, ఆర్సీ మీ మెడకే ఉంటది. ఆ ఛాసిస్ నంబర్ ఇంకో బండికి ఎక్కితే పోలీసులు మీ ఇంటికే వస్తరు. 2021 రూల్స్ ప్రకారం రిజిస్టర్డ్ స్క్రాపింగ్ సెంటర్‌కే ఇయ్యండి. ఒరిజినల్ ఆర్సీ, డెత్ సర్టిఫికెట్, వారసత్వ కాయితం కావాలె. అప్పు ఎప్పుడో కట్టేసినా వాహన్‌ల, అంటే సర్కారు బండ్ల రికార్డుల, ఫైనాన్స్ ఎంట్రీ (బండి మీద అప్పుందనే రాత) అట్లనే ఉంటది. ముందుగాల అది తీయించండి, లేకుంటే ఫైలు అక్కడ్నే ఆగుతది. బండి అప్పజెప్పినంక డిపాజిట్ సర్టిఫికెట్, కోసినంక స్క్రాపింగ్ సర్టిఫికెట్, రెండూ తీస్కోండి.

గట్టు మీది ట్రాక్టర్: గింత లొల్లి ఎందుకు? 2025ల వచ్చిన తుక్కు వాహనాల రూల్స్‌ల ట్రాక్టర్, ట్రాలీ, కోత మిషన్, పవర్ టిల్లర్ అన్నిటికీ మినహాయింపే.

దేవరకొండోడు: అన్నా, అడిగింది జీపు. ఆ మినహాయింపు గూడ వ్యవసాయ ట్రాక్టర్లకే, ఇసుక కొట్టేటియాటికి కాదు.

గట్టు మీది ట్రాక్టర్: ఇసుక ఎవడు కొట్టిండు? మాట మర్యాదగ రానీ. నా ఆర్సీల అగ్రికల్చర్ అనే ఉంది.

ఆర్సీ కాయితాలు: ఏముంటేంది? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 ట్రాక్టర్‌కు గూడ ఉంటది. బండి శాశ్వతంగ పనికిరాకుంట పోతే 14 రోజులల్ల ఆర్టీఏకు తెలపాలె.

గట్టు మీది ట్రాక్టర్: తెలిపినోన్ని ఒక్కన్ని చూపియ్యి.

పాలమూరు స్పానర్: మీ కొట్లాటల మన్ను సంగతి మరిచిండ్రు. ఈ పని తెల్సినోడు చెప్తున్నడు, వినుండ్రి. క్రేన్ రాకముందే ఆయిల్ దించాలె. గొలుసు తగిలి సంపు (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) పగిలితే ప్లాటంత పాడైతది. మొదలు బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి, తర్వాత డీజిల్, ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్. చాన రోజులు నిలబడ్డ బండిల సంపు బోల్టు వదులు చేస్తే ముందు నీళ్లు కారుతయి, ఎన్క నల్ల ఆయిల్. నీళ్లు వేరే డబ్బాల పట్టండి, కలిస్తే ఆయిల్ కొనేటోడు ముట్టడు. కారిన కాడ ఊక పోసి పీల్చనీయండి. సర్ఫ్ నీళ్లతోని కడగొద్దు, ఆయిల్ ఇంకా లోతుకు దిగుతది. మరక, వాసన పోయేదాక తవ్వి సంచులల్ల కట్టి టార్పాలిన్ కింద పెట్టండి.

రైస్‌మిల్ బాయిలర్: ఆ ఊక బట్టీల కాలిస్తే అయిపాయె.

పాలమూరు స్పానర్: ఇంజిన్ ఆయిల్‌ల అరిగిన లోహాలు ఉంటయి, అవి పొగల వస్తయి. గసొంటి మన్ను, ఊక పోవాల్సింది హైదరాబాద్ కాడి దుండిగల్ ప్రమాదకర వ్యర్థాల ప్లాంటుకే.

జడ్చర్ల వాసి: 2025 జూలైల కలుషిత స్థలాల రూల్స్ వచ్చినయి. పీసీబీకి (కాలుష్య నియంత్రణ మండలికి) రాయండి.

దేవరకొండోడు: తట్టెడు మన్నుకు పీసీబీనా? అది ఫ్యాక్టరీలు ఖరాబు చేసిన భూములకు.

పానగల్ రోడ్: నోటీసు సంగతి?

ఆర్సీ కాయితాలు: అదే మోటారు చట్టంల సెక్షన్ 127 పబ్లిక్ జాగల 10 గంటలు వదిలేసిన బండికి. సొంత ప్లాటుకు అది రాదు, ముందు చక్రాలు రోడ్డు మీదుంటే వస్తది. టైర్లల్ల వాన నీళ్లు నిలిస్తే దోమల కింద వేరే నోటీసు. మీకు ఏది వచ్చిందో సెక్షన్ చూసి చెప్పండి.

గట్టు మీది ట్రాక్టర్: ట్రాలీకి గూడ 14 రోజులేనా?