విజయవాడ నుంచి ఒక్కరోజులో ఘంటసాల, కూచిపూడి, బందరు: కారూ గైడూ మాట్లాడుకుని వెళ్లినవాళ్లు చెప్పండి

అమ్మతో_ప్రయాణం
నమస్కారమండీ. సంక్రాంతికి ముందు విజయవాడ వస్తున్నాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అమ్మ. అమ్మకి 68, మోకాళ్ల నొప్పులు. ఒక రోజంతా కారు, కూడా తెలిసిన గైడు ఉంటే ఘంటసాల, కూచిపూడి, పెడన, బందరు కోట, మంగినపూడి చూద్దామని ఉంది. మామూలుగా ఎంత అవుతుంది? గైడు అవసరమా, డ్రైవరు చాలా? దారిలో ఆడవాళ్లకి శుభ్రమైన బాత్రూములు ఎక్కడున్నాయి? మధ్యాహ్నం భోజనం ఎక్కడ? అమ్మ హంసలదీవి కూడా అడుగుతోంది, అదే రోజు కుదురుతుందా?

కృష్ణాతీరం
గైడు అన్నమాట వినగానే నాకు ఒళ్లు మండుతుంది. కిందటేడు మా అత్తామామల్ని తీసుకుని ఇదే తిరుగుడు తిరిగాం. విజయవాడలో ఒకాయన "అన్నీ నేను చూసుకుంటానండీ" అన్నాడు. ఘంటసాల మ్యూజియంకి సరిగ్గా వారం సెలవు రోజున తీసుకెళ్లాడు. గేటు దగ్గర నిలబడి, గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు ఈ ఊళ్లోనే పుట్టారని మా పిల్లలకి చెప్పాడు. ఆయన పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో. ఘంటసాల ఆయన ఇంటిపేరు. మా మామగారు సరిచేస్తే "అందరూ అలాగే చెప్తారండీ" అని కొట్టిపారేశాడు.

అక్కడి నుంచి ఒక బట్టల కొట్లో గంటన్నర కూర్చోబెట్టాడు. ఎందుకో తర్వాత అర్థమైంది, కమీషను. కోటకి చేరేసరికి చీకటి పడింది. ఫోను లైటు వేసుకుని గోడలు చూసి వచ్చాం. మా మామగారికి అదే చివరి ప్రయాణం, ఈ ఏడాది ఆయన లేరు. ఆ రోజు అలా పాడైనందుకు నాకు ఇప్పటికీ బాధే.

గన్నవరం_గోపి
గైడు దండగ. నాలుగు ఊళ్లకి కారు చాలు. అయితే లెక్క సరిగ్గా అడగండి. ఊళ్లో తిరిగే 8 గంటలు 80 కిలోమీటర్ల ప్యాకేజీ దీనికి పనికిరాదు, బందరు ఒక్కటే పోను డెబ్బై. అవుట్ స్టేషన్ కింద మాట్లాడుకోవాలి. రోజుకి కనీసం 250 లేదా 300 కిలోమీటర్లకి లెక్కకడతారు, మీరు 180 తిరిగినా సరే. టోలు, డ్రైవరు బత్తా, పార్కింగు లోపలా బయటా అన్నది ఎక్కేముందే వాట్సాప్‌లో రాయించుకోండి. ఆరుగురు ఎక్కే బండికి నాకు అన్నీ కలిపి 5,200 అయింది, మొన్న ఆగస్టులో.

బందరు_కోటవీధి
గోపీ, గైడు దండగ అంటే ఎలాగయ్యా? ఆ కోట దగ్గర బోర్డు చూసి ఎవరికేం తెలుస్తుంది? నలుగురు వచ్చి, సెల్ఫీ దిగి, "ఏముందిక్కడ, పాడుబడ్డ గోడలు" అని వెళ్లిపోతుంటే ఈ ఊళ్లో పుట్టినవాడిగా నాకు కడుపు తరుక్కుపోతుంది.

మా ఊరి పేటల పేర్లు వింటేనే సగం చరిత్ర తెలుస్తుంది. వలందపాలెం డచ్చివాళ్లది. పరాసుపేట ఫ్రెంచివాళ్లది. ఇంగ్లీషుపాలెం సరేసరి. ఆ పేటల మీదుగానే కారు వెళ్తుంది, చెప్పేవాడు లేకపోతే అద్దంలోంచి అవి మామూలు వీధులే. డచ్చి సమాధుల రాళ్ల మీద చెక్కిన అక్షరాలు, వంశ చిహ్నాలు చేత్తో తడిమి చూడాలి. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో 30 వేల మంది దాకా పోయారు. ఊరు ఆ దెబ్బ నుంచి మళ్లీ లేవలేదు, ఓడల వ్యాపారం అటు మద్రాసుకీ ఇటు కాకినాడకీ పోయింది. ఇది చెప్పకుండా కోట చూపిస్తే ఏం చూపించినట్టు?

గైడు కావాలి. కాకపోతే బందరువాడే కావాలి. విజయవాడ నుంచి కారు మాత్రం తెచ్చుకోండి, మనిషిని ఇక్కడ ఎక్కించుకోండి.

డాలస్_సుబ్బు
మా ట్రిప్పు అద్భుతంగా జరిగింది! పొద్దున 6కే బయల్దేరాం, ఉయ్యూరులో ఇడ్లీ, 8 కల్లా కూచిపూడి. గుళ్లో పిల్లలు అడుగులు నేర్చుకుంటున్నారు, మా అమ్మాయి అక్కడ డాలస్‌లో ఏడేళ్లుగా నేర్చుకుంటోంది, వాళ్లతో కలిసి నిలబడింది. ఆ మట్టి మీద దాని పాదాలు చూసి మా ఆవిడ ఏడ్చేసింది. పక్కనే మొవ్వ కూడా వెళ్లండి, క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడు అక్కడివాడే.

ఒక్క పెడన మాత్రం నిరాశ. కలంకారీ అంటే చేత్తో కలం పట్టి గీస్తారనుకుని వెళ్లాం. తీరా చూస్తే చెక్క అచ్చులు గుద్దుతున్నారు. అసలు కలంకారీ కావాలంటే శ్రీకాళహస్తి వెళ్లాలట. పెడన మానేసి ఆ టైము బీచికి ఇవ్వండి.

పెడన_అద్దకం
సుబ్బు గారూ, ఈ మాట మా ముందు అనుంటే మా నాన్న మిమ్మల్ని కూర్చోబెట్టి ఒక్క పంచె బయటికి వచ్చేదాకా కదలనిచ్చేవాడు కాదు.

"గుద్దుతున్నారు" అన్నారు. దాన్ని అద్దకం అంటారు. కోరా బట్ట గంజి పోయేదాకా నీళ్లలో నానబెట్టి, కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరేస్తాం. నలుపు రంగుకి ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతాం. ఆ నీళ్లు కరక్కాయ పట్టిన బట్టకి తగిలితేనే నల్లగా తిరుగుతాయి. ఎరుపు వచ్చేచోట పటిక అచ్చు వేస్తాం. వేసినప్పుడు ఎరుపు కనపడదు. కాలవలో పారే నీళ్లలో ఉతికి, రాగి కాగులో వేర్లు, ఆకులు వేసి ఉడకబెట్టినప్పుడు పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. పసుపుకి, నీలానికి మళ్లీ వేరే పని. ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు, టేకు చెక్క మీద చెక్కింది. వెంట్రుకవాసి పక్కకి జరిగితే పువ్వు రెండుగా కనిపిస్తుంది.

మా అమ్మ కాలవలో నడుములోతు నీళ్లలో నిలబడి 30 ఏళ్లు బట్టలు ఉతికింది. అది అసలు కాదు అంటే మనసుకి కష్టంగా ఉంటుంది.

గీతల_పిచ్చి
కష్టపెట్టాలని కాదు గానీ, కలం అంటేనే పెన్ను కదండీ. కలం లేనిదాన్ని కలంకారీ అని ఎలా అంటాం? కాళహస్తిలో చింతబొగ్గుతో గీసి, వెదురు పుల్లకి ఉన్ని చుట్టి, ఆ ఉన్నిని నొక్కుతూ రంగు వదులుతారు. నేను అక్కడ రెండేళ్లు కూర్చుని నేర్చుకున్నాను. ఒక రామాయణం తెర పూర్తి కావడానికి నెలలు పడుతుంది. అచ్చుతో రోజుకి ఎన్ని మీటర్లు వస్తుందో మీకే తెలుసు. రెండింటినీ ఒకే పేరుతో అమ్మితే నష్టపోయేది గీసేవాళ్లే.

పెడన_అద్దకం
మీటర్లు ఎక్కువ వస్తే కళ కాకుండా పోతుందా? రెండింటికీ వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) ఇచ్చారు. మచిలీపట్నం కలంకారీ అన్న పేరుతోనే ఇచ్చారు. మీరు గీయండి, నేను చేతులెత్తి దండం పెడతాను. మాది నకిలీ అనకండి.

చరిత్ర_మాష్టారు
ముప్పయ్యొక్క ఏళ్లు హైస్కూల్లో చరిత్ర చెప్పాను, గుడివాడ, పామర్రు, అవనిగడ్డ మూడుచోట్లా. ఈ జిల్లాలో నేను నడవని దిబ్బ లేదు. ఇద్దరూ సగం సగమే చెప్తున్నారు.

కలంకారీ అన్నది పారశీక మాట. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు నుంచి పర్షియాకి ఓడలెక్కిన బట్టల్లో కలంతో గీసినవీ ఉన్నాయి, అచ్చు వేసినవీ ఉన్నాయి. బందరు చుట్టుపక్కల కలం పట్టినవాళ్లు లేరనడం తప్పు. అద్దకం ఆ పేరుకి అర్హం కాదనడం ఇంకా తప్పు. బందరు అన్న మాటకే పారశీకంలో రేవు అని అర్థం.

పనిలో పనిగా ఇంకొకటి. డచ్చివాళ్లు బందరులో 1605లో అడుగుపెట్టారు. ఇంగ్లీషువాళ్లు 1611లో. చాలామంది గైడులు వరస తిప్పి చెప్తారు. 1759లో ఇంగ్లీషువాళ్లు కోటని ఫ్రెంచివాళ్ల దగ్గర పట్టుకున్నారు, అది కూడా కలిపేసి డచ్చికోట, డచ్చికోట అంటారు. ఇక ఘంటసాల సంగతి ఎవరూ సరిగ్గా రాయలేదు. పాతకాలపు గ్రీకు భూగోళకారుడు టాలెమీ రాసిన కంటకస్సుల అదే. నాగార్జునకొండ శాసనంలో కంటకసోల అని ఉంది. ఇవాళ సముద్రం అంత దూరాన ఉంది గానీ అప్పట్లో అది వర్తకుల రేవు. ఈ ముక్క తెలియకుండా అక్కడి బౌద్ధ స్తూపం చూస్తే ఇటుకల గుట్టే కనపడుతుంది.

బందరు_కోటవీధి
మాష్టారూ, డచ్చికోట అని మేమూ అంటాం. మా తాతలూ అన్నారు. ఊరివాళ్లు పిలిచే పేరు తప్పెలా అవుతుంది?

చరిత్ర_మాష్టారు
పిలవండి నాయనా. పిల్లలకి చెప్పేటప్పుడు మాత్రం ఆ తర్వాత ఎవరి చేతుల్లో ఉందో కూడా చెప్పండి.

కృష్ణాతీరం
పెడన గారూ, ఒకటి నిజం చెప్పండి. నన్ను కూర్చోబెట్టిన కొట్లో చేతి అద్దకమని చీరలు నాలుగు కొనిపించారు. మొదటి ఉతుకులోనే ఒకటి మొత్తం రంగు కారింది. అది ఎవరి పని?

పెడన_అద్దకం
అది స్క్రీన్ ప్రింటు అయి ఉంటుందండీ, రసాయన రంగులతో. మా ఊళ్లోనూ అది ఉంది, దాచను. దానివల్లే మా బతుకు ఇరుకున పడింది, సగం ధరకి అమ్ముతారు. ఈసారి కొనేటప్పుడు బట్ట తిప్పి చూడండి. అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు ఎక్కడో ఒకచోట కొంచెం తేడాగా కనిపిస్తుంది, చేతి పనిలో అది తప్పదు. స్క్రీనులో అన్ని పువ్వులూ అచ్చం ఒకేలా ఉంటాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాదానికి కరక్కాయ, పాల వాసన తగులుతుంది. కొట్లో కాదు, రంగు ఉడికేచోట కొనండి. గైడుని ముందే అడగండి, నన్ను కాగు దగ్గరికి తీసుకెళ్తావా లేక బీరువా దగ్గరికా అని.

లడ్డూ_ప్రియ
బందరు వెళ్లి లడ్డూ మాట ఎవరూ ఎత్తలేదేంటండీ! తొక్కుడు లడ్డూకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. శనగపిండి పూస వేయించి, రోట్లో రోకలితో దంచి, పాకం పట్టి మళ్లీ నేతితో తొక్కుతారు. బెల్లం పాకందే తీసుకోండి. నల్ల హల్వా మర్చిపోవద్దు, గోధుమ పాలతో చేస్తారు.

గన్నవరం_గోపి
పంచదారదే బాగుంటుంది, నెల రోజులు నిలవుంటుంది.

లడ్డూ_ప్రియ
బెల్లందీ నిలవుంటుంది. మా మేనత్త బందరులోనే ఉంటుంది, బొంబాయికి పంపిస్తుంది, ఏనాడూ పాడవలేదు.

అమ్మతో_ప్రయాణం
అందరికీ ధన్యవాదాలు. చాలా తెలుసుకున్నాను. కానీ బాత్రూముల సంగతి, హంసలదీవి సంగతి ఎవరూ చెప్పలేదు.

హంసలదీవి ఎందుకంటే, అమ్మ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన రోజు అమ్మ పెళ్లయి ఏలూరులో ఉంది. ఇంటిదగ్గర అమ్మమ్మ, చిన్న మావయ్య, ఇద్దరు పిన్నులు పోయారు. తర్వాత ఒక్కసారే వెళ్లింది, మళ్లీ వెళ్లలేదు. ఇన్నేళ్ల తర్వాత తనంతట తనే అడిగింది, కృష్ణ సముద్రంలో కలిసేచోట నీళ్లలో కాళ్లు పెట్టాలని. ముందే చెప్పాల్సింది, ఊరికే నలుగురిలో రాయలేకపోయాను.

దివి_మనిషి
అక్కా, అదే రోజు కుదరదు. పెట్టుకోవద్దు.

విడిగా ఒక రోజు ఇవ్వండి. విజయవాడ నుంచి కృష్ణ కరకట్ట మీదుగా అవనిగడ్డ రండి, బందరు వైపు తిరగక్కర్లేదు. అవనిగడ్డ దగ్గర ఉప్పెన స్మారకం ఉంది, అలలు అంతదాకా వచ్చాయన్న గుర్తుకి కట్టారు. అమ్మగారికి ముందే చెప్పండి, ఉన్నట్టుండి కనపడితే తట్టుకోలేరు. అక్కడి నుంచి కోడూరు, హంసలదీవి. వేణుగోపాలస్వామి గుడి ఊళ్లో ఉంది, అక్కడ కాసేపు కూర్చోవచ్చు. పాలకాయతిప్ప బీచి దాకా కారు వస్తుంది. నది కలిసే అసలు చోటు అక్కడి నుంచి ఇసుకలో ఇంకా దూరం. మామూలు కారు దిగబడిపోతుంది, మోకాళ్లు నొప్పులున్న మనిషి నడవలేరు. బీచి దగ్గరే కాళ్లు తడుపుకోవడం మంచిది. లేదంటే ఊళ్లో ఎవరినైనా ముందురోజే మాట్లాడి, ఇసుకలో నడిచే బండి పెట్టించుకోండి. పొద్దున్నే రండి, ఎండ ఎక్కితే నీడ లేదు.

బాత్రూములకి అవనిగడ్డలోనే ఆగండి. తర్వాత నమ్మకం లేదు. అన్నం కూడా అక్కడే తినేయండి, లేదా కట్టుకుని రండి.

ఇక్కడికి గైడు వద్దు. డ్రైవరు ఈ వైపు మనిషై ఉంటే చాలు. అమ్మగారి ఊరు ఏదో చెప్పగలిగితే చెప్పండి, ఆ వైపు రోడ్డు ఎలా ఉందో కనుక్కుని రాస్తాను.

చరిత్ర_మాష్టారు
అమ్మా, అవనిగడ్డలో నేను పనిచేసింది ఉప్పెన తర్వాతే. నా క్లాసులో సగం మంది పిల్లలకి తల్లో తండ్రో లేరు. మీ అమ్మగారిని అక్కడికి తీసుకెళ్లండి. బందరు ఎక్కడికీ పోదు.

అమ్మతో_ప్రయాణం
మాష్టారూ, దివి గారూ, మొదటి రోజు హంసలదీవి ఒక్కటే పెట్టుకుంటున్నాం. ఊరు పేరు అమ్మని అడిగి విడిగా రాస్తాను. రెండోరోజు అమ్మకి ఓపికుంటే కూచిపూడి, ఘంటసాల చూసి అటు నుంచే బందరు. మంగినపూడి వదిలేస్తున్నాం.

బందరు_కోటవీధి
కోటకి మాత్రం మూడు గంటలకల్లా రండి. వెలుతురుండగా గోడలు చూడాలి. ఆ రోజు నేను ఊళ్లోనే ఉంటాను, నాకు డబ్బులేం వద్దు.

పెడన_అద్దకం
మరి పెడన? కాగు పొద్దున ఎనిమిదికి అంటిస్తాం, పదికల్లా ఎరుపు తేలుతుంది. అమ్మగారు కూర్చోవడానికి మంచం వేయిస్తాను.