చనిపోయింది భార్య, మృత్యువు బాణం భర్త మీదికెందుకు?

ప్రశ్న (డ్రాయింగ్ టీచర్, హన్మకొండ):
1600లో యూరప్‌లోని ప్రాగ్ నగరంలో ఏజిడియస్ సాడెలర్ రాగి రేకు మీద చెక్కిన బొమ్మను ప్రింట్ తీయించి క్లాసులో చూపించాను. అందులో ఒకరు చిత్రకారుడు బార్తలోమియస్ స్ప్రాంగర్, ఇంకొకరు చనిపోయిన ఆయన భార్య క్రిస్టినా ముల్లర్. చుట్టూ దేవతలు. ఒక ఎముకలగూడు స్ప్రాంగర్ మీదికి బాణం ఎక్కుపెట్టింది. "పోయింది ఆమె కదా టీచర్, బాణం ఈయనకెందుకు?" అని ఎనిమిదో తరగతి పిల్ల అడిగింది. ఏం చెప్పమంటారు?

జవాబు (కరీంనగర్):
ఎముకలగూడును ఆపుతున్న ముసలాయన్ని చూపించండి మేడం. ఆయన కాలపురుషుడు. స్ప్రాంగర్‌కు ఇంకా గడువుంది అంటున్నాడు. ఆ గడువే ఈయనకు శిక్ష. చావు ఇంట్లో మనోళ్లు "నన్నెందుకు తీసుకపోలే దేవుడా" అని ఏడ్వరా, అదే. స్ప్రాంగర్ 1611 దాకా బతికాడు.

జవాబు (వరంగల్):
ఏడుపు సరే. ఈయన రెండో రుడాల్ఫ్ చక్రవర్తి ఆస్థాన చిత్రకారుడు. రోమన్ల జ్ఞానదేవత మినర్వా, కుంచెలు పట్టుకున్న చిత్రకళ, బాకాతో కీర్తి, ఇవన్నీ భార్య కోసమేనా? దశదినకర్మ ఫ్లెక్సీలో పోయినామె ఫొటో చిన్నగా, లీడర్ ఫొటో పెద్దగా వేసినట్టుంది నాకైతే.

జవాబు (ఇత్తడి పనివాడిని, పెంబర్తి):
తమ్మీ, బొమ్మ మీద లాటిన్ రాత ఉంది. స్ప్రాంగర్ సొంత కన్నీళ్లను సాడెలర్ లోకం ముందు పెట్టాడని దాని భావం. ఆయన కళ మీద గౌరవంతో, మనిషి మీద ప్రేమతో చేశాడట. బాకా ఊదించింది దోస్తు అనుకో.

పని సంగతి చెప్తా. మేము లక్క మీద రేకు పరిచి ఉలితో, సుత్తితో కొడతాం. సాడెలర్ లాంటి వాళ్లకు సుత్తి లేదు. సన్న ఉలి పిడిని అరచేతిలో ఆనించి ముందుకు తోయడమే. గీత వంపు తిరగాలంటే చెయ్యి కాదు, రేకునే తిప్పుతారు. గాడిలో సిరా నింపి, పైపైన తుడిచి, తడి కాగితం వేసి ప్రెస్‌లో నొక్కుతారు. కుడి ఎడమైతది కాబట్టి అక్షరాలు కూడా తిరగేసి చెక్కాలె. నీడ పడ్డచోట గీతను దగ్గరగా చూడు: సన్నగా మొదలై, మధ్యలో లావెక్కి, మళ్లీ సన్నబడతది. అదంతా చేతి ఒత్తిడి. ఒక్క రేకు నుంచి బోలెడు కాపీలు వస్తయి. దుఃఖం ఊరూరా తిరిగింది అట్లనే.

ప్రశ్న అడిగిన టీచర్:
అన్నా, పిల్లలను తీసుకొస్తే రాగి రేకు మీద ఒక గీత గీసి చూపిస్తారా?

పెంబర్తి:
రండి అమ్మా. పొద్దున వస్తే వెలుతురు మంచిగుంటది.