నాన్‌కన్ఫర్మిస్ట్‌ని తెలుగులో ఏమందాం? ఒంటెత్తు పోకడ సరిపోతుందా?

అందరికీ నమస్కారం. ఒక హైస్కూల్ కథ తెలుగు చేస్తున్నా. అందులో ఒకమ్మాయి రోజూ నల్ల బ్యాండ్ టీషర్ట్ వేసుకొస్తుంది, క్లాసులో మిగతావాళ్ళు వినే పాటలంటే మూతి విరుస్తుంది, లంచ్‌కి మాత్రం అలాంటి నల్ల షర్టుల బ్యాచ్‌తోనే కూర్చుంటుంది. రచయిత ఆ పిల్లని నాన్‌కన్ఫర్మిస్ట్ (అంటే అందరూ నడిచే దారిలో నడవని మనిషి) అని, వెంటనే 'తన ఫ్రెండ్స్ అందరిలాగే' అని ఒక చురక వేస్తాడు. నేను 'ఆ పిల్లది ఒంటెత్తు పోకడ, తన స్నేహితులందరిలాగే' అని రాశా గానీ చదువుతుంటే ఏదో తేడా కొడుతోంది. అసమ్మతివాది అంటే పార్టీ మీటింగ్‌లోంచి అలిగి లేచొచ్చినవాడిలా ఉంది. ఇంకేమైనా మాట తడుతోందా?

*

తేడా ఎక్కడంటే, ఒంటెత్తులో ఒంటె లేదండీ, ఎద్దు ఉంది. ఒంటె తల ఎత్తుకుని నడిచినట్టు అని చాలామంది అనుకుంటారు గానీ అది ఒంటి ఎద్దు. కన్నడంలో ఇప్పటికీ ఎద్దుని ఎత్తు అనే అంటారు. కాడికి రెండు కట్టాల్సిన చోట ఒక్కటే ఉంటే అది పక్కదాని నడకతో పనిలేకుండా పోతుంది కదా, ఆ పోకడ. అందుకే పేపర్లవాళ్ళు ఎవర్నీ అడక్కుండా నిర్ణయాలు తీసుకునే నాయకుడికి ఈ మాట అంటగడతారు. మీ కథలో పిల్ల ఎవరి మీద పెత్తనం చేస్తోందని? పైగా లంచ్ టేబుల్ దగ్గర జత ఉండనే ఉంది. జత ఉన్నాక ఒంటెద్దు ఎలా అవుతుంది?

*

గొర్రెదాటు అనేస్తే పోలా 😄 మంద మారింది అంతే, దాటుడు అదే

*

తమ్ముడూ, బయటినుంచి చూసేవాళ్ళకి అలాగే ఉంటుంది. నేను స్కూల్లో ఆ నల్ల షర్టు బాపతే కాబట్టి చెప్తున్నా, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నా దగ్గర జాయ్ డివిజన్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ షర్టు ఉండేది, నలుపు మీద కొండల్లాగా తెల్లగీతలు ఉంటాయే, అది. 1979లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బం అట్ట మీది బొమ్మ. ఆ గీతలు నిజానికి ఒక పల్సార్ (గిరగిరా తిరుగుతూ లయగా రేడియో సంకేతాలు పంపే నక్షత్రం) నుంచి వచ్చిన రేడియో సంకేతాలు, 1967లో జోసెలిన్ బెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త మొట్టమొదట కనిపెట్టిన పల్సారే అది, సుమారు 1.34 సెకన్లకోసారి కొట్టుకుంటుంది. ఒక ఖగోళశాస్త్ర పుస్తకంలో ఉన్న ఆ గ్రాఫ్‌ని పీటర్ సావిల్ అనే డిజైనర్ నలుపు తెలుపు తిరగేసి అట్ట చేశాడు. అసలు సంగతి ఏంటంటే అట్ట ముందువైపు బ్యాండ్ పేరు లేదు, ఆల్బం పేరూ లేదు. తెలిసినవాడికి తెలుస్తుంది, తెలియనివాడికి అవి గీతలు. నేను ఆ షర్టు వేసుకుని తిరిగింది నన్ను ఒంటరిగా వదిలేయమని కాదు, ఆ గీతలు గుర్తుపట్టేవాడు ఒక్కడైనా పలకరిస్తాడేమోనని. రెండేళ్ళకి ఒకమ్మాయి పలకరించింది. పలకరించి ఏమడిగిందనుకున్నారు, 'వీళ్ళవి మూడు పాటలు చెప్పు'. రెండు చెప్పి నీళ్ళు నమిలా. ఆ రోజునుంచి నేను ఆ బ్యాచ్‌కి పోజర్‌ని.

ఈ పోజర్‌కీ మనకి మాట లేదు చూడండి. పోజు కొట్టడం ఉంది, కాపీ కొట్టడం, బోరు కొట్టడం, సైటు కొట్టడంలాగా, పరభాష మాట ఏదొచ్చినా మనం కొట్టి మనది చేసుకుంటాం. కానీ 'వాడు పోజు కొడుతున్నాడు' అంటే గొప్పలు పోతున్నాడనే గానీ, వినని పాటల షర్టు వేసుకున్నాడు అనే అభియోగం అందులో రాదు. దానికి దగ్గరది పగటివేషం. అయితే అందులో ఓ తిరకాసు ఉంది, పగటివేషగాడు ఎంత అచ్చంగా దిగితే అంత మెచ్చుకుంటాం, స్కూల్లో మాత్రం అచ్చం దిగినవాడి మీదే అనుమానం.

*

అక్కా, ఆ మూడో పాట ఇప్పుడైనా గుర్తొచ్చిందా?

*

ఇంటికెళ్ళి గేటు తీస్తుంటే వచ్చింది నాయనా. ఏం లాభం.

*

నా ఓటు 'వేరు కుంపటి'కి. క్లాసు అనే పెద్ద ఇంట్లోంచి బయటికొచ్చారు, నిజమే, కానీ ఒంటరిగా కూర్చోలేదు, పక్కన ఇంకో పొయ్యి పెట్టారు, దాని మీద ఏం వండాలో ఏం వండకూడదో కూడా వాళ్ళే రూల్స్ పెట్టుకున్నారు, అక్క చెప్పిన మూడు పాటల పరీక్ష అదే కదా. ఒంటెత్తులో మనిషి ఒక్కడే, గొర్రెదాటులో బుద్ధి లేదు, వేరు కుంపటిలో రెండూ కుదురుతాయి, విడిపోవడమూ ఉంది, మళ్ళీ కలిసి తినడమూ ఉంది.

రామోన్స్‌ని తీసుకోండి. 1974లో న్యూయార్క్‌లో మొదలైన బ్యాండ్. నలుగురూ అన్నదమ్ములు కారు, అయినా అందరూ రామోన్ అని ఒకే ఇంటిపేరు పెట్టుకున్నారు, అందరివీ ఒకే రకం తోలు జాకెట్లు, చిరిగిన జీన్సు. లోకాన్ని లెక్కచెయ్యని కుర్రాళ్ళకి యూనిఫాం! కుంపటితోపాటు ఇంటిపేరు కూడా కొత్తదే అన్నమాట. ఆ ఇంటిపేరూ సొంతం కాదు, బీటిల్స్ బ్యాండ్‌లోని పాల్ మెకార్ట్నీ కుర్రతనంలో కొన్నాళ్ళు పెట్టుకున్న పాల్ రామోన్ అనే మారుపేరు నుంచి తెచ్చుకున్నారు. వాళ్ళ షర్టు మీది గుండ్రటి ముద్ర చూశారా, వాళ్ళ ఆర్టిస్టు ఆర్టురో వేగా అమెరికా అధ్యక్షుడి రాజముద్రని చూసి గీశాడు, గద్ద కాలికి బేస్‌బాల్ బ్యాటు ఇచ్చాడు. ప్రభుత్వం ముద్రే తెచ్చి తమ కుంపటి మీద వేసుకున్నారు.

*

బాగుంది గానీ మాస్టారూ, వేరు కుంపటి అంటే ఆస్తి తగాదా వాసన వస్తుంది. పైగా ఇప్పటి పిల్లలు కుంపటి చూశారా?

*

చేంతాడు చూసినవాళ్ళెంతమంది? అయినా అందరూ చేంతాడంత లిస్టు అంటూనే ఉన్నారుగా. తగాదా వాసన ఉంటే మంచిదే, ఆ వయసులో ఎవరు ఏ పాట వింటారన్నది ఆస్తి తగాదా కంటే తక్కువేం కాదు.

*

పోస్టు పెట్టినవాణ్ణి. అందరికీ థాంక్స్. ఇలా మార్చా: 'ఆ పిల్ల క్లాసులో ఎవరితోనూ కలవదు, వేరు కుంపటి పెట్టుకుంది. ఆ కుంపటి చుట్టూ కూర్చున్నవాళ్ళందరివీ నల్ల షర్టులే.' నాన్‌కన్ఫర్మిస్ట్ అనే మాట ఎగిరిపోయింది, చురక మాత్రం మిగిలింది.

కథలో పోజర్ అనే మాట కూడా వస్తుంది, అక్కడ పగటివేషం పెట్టట్లేదు, ఏమనుకోకండి అక్కా, పదిహేనేళ్ళ పిల్ల నోట అది నాటకం డైలాగులా ఉంటుంది. 'వినేదీ లేదు పాడూ లేదు, ఉత్త బిల్డప్పు' అని పెట్టా. పర్లేదా?

*

'పాడూ లేదు' తీసెయ్. మమ్మల్ని తిట్టేటప్పుడు అంత పొడుగు మాటలు ఎవరూ వాడలేదు. 'ఉత్త బిల్డప్పు' చాలు.