ఇంగ్లండ్ ఫుట్‌బాల్ స్ట్రైకర్ మైకేల్ ఓవెన్ కెరీర్‌ని గాయాలు తిన్నాయా, తనే పాడుచేసుకున్నాడా?

కాప్_కుర్రోడు: 2001లో బాలన్ డోర్, అంటే యూరప్‌లో బెస్ట్ ప్లేయర్ అవార్డు వచ్చింది, 1979లో కీగన్ తర్వాత ఒక ఇంగ్లిష్ ప్లేయర్‌కి రావడం అదే. 2004లో లివర్‌పూల్ వదిలేసి రియల్ మాడ్రిడ్ వెళ్ళాడు, సంవత్సరం తిరక్కుండా మన లివర్‌పూల్ వాళ్ళు ఇస్తాంబుల్లో ఛాంపియన్స్ లీగ్ కొట్టారు. చేజేతులా పోగొట్టుకున్నాడు. గాయాలు గాయాలు అని ఇంకెన్నాళ్ళు చెప్తారు?

తొడపట్టు: అసలు కథ 1999 ఏప్రిల్‌లో లీడ్స్ మ్యాచ్. ఎవడూ తన్నలేదు, బాల్ వెనక పరిగెడుతుంటే హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) పోయింది. అప్పటికి 19 ఏళ్ళు. ఆ తర్వాత మునుపటి ప్లేయర్‌ని కాలేకపోయానని తనే చెప్పుకున్నాడు.

ఆఫ్‌సైడ్_అంకుల్: ఆ బాలన్ డోర్ రియల్ మాడ్రిడ్ స్ట్రైకర్ రావుల్‌కి రావాలి.

కాప్_కుర్రోడు: స్పీడ్ పోతే 2001లో మ్యూనిక్‌లో జర్మనీ మీద హ్యాట్రిక్ ఎలా కొట్టాడు? అదే ఏడు ఎఫ్ఏ కప్ ఫైనల్, ఆర్సెనల్ మీద 83వ నిమిషంలో ఒకటి, 88వ నిమిషంలో ఇంకోటి. రెండోది చూడు, డిఫెండర్లు డిక్సన్‌నీ ఆడమ్స్‌నీ వెనక్కి నెట్టేసి ఎడంకాలితో గోల్‌కీపర్ సీమన్ పక్కనుంచి దూర్చాడు. తొడ పోయినోడి పరుగా అది?

తొడపట్టు: పోయిన వెంటనే అంతా పోదు బ్రో. నాకు ఇంటర్ కాలేజ్ టోర్నీలో ఇదే అయింది, మూడో వారానికే కోచ్ ఏం కాలేదు కట్టు కట్టుకుని దిగరా అన్నాడు, దిగా, పదో నిమిషంలో టప్‌మని నాకే వినపడింది. ఇప్పటికీ బస్సు వెనక పరిగెత్తాలంటే భయం.

కాప్_కుర్రోడు: నీ బస్సుకీ ఓవెన్‌కీ ఏంటి గురూ సంబంధం.

ఆఫ్‌సైడ్_అంకుల్: రావుల్ సంగతి ఎవరూ మాట్లాడరేం.

సగం_నిద్ర: ఓవెన్‌కి 176 పాయింట్లు, రావుల్‌కి 140. ఓట్లు లెక్కపెట్టే ఇచ్చారు అంకుల్.

తొడపట్టు: 2005 చివరి రోజు న్యూకాజిల్‌కి ఆడుతూ పాదం ఎముక విరిగింది. 2006 వరల్డ్ కప్‌లో స్వీడన్ మీద మొదటి నిమిషంలోనే మోకాలు. అవి కూడా చేజేతులానేనా? ఇన్ని అయినా ఇంగ్లండ్‌కి 89 మ్యాచ్‌ల్లో 40 గోల్స్.

కాప్_కుర్రోడు: అబ్బా నీ గాయాల గొడవ ఆపుతావా. 2009లో ఫ్రీగా మన బద్ధశత్రువు మాంచెస్టర్ యునైటెడ్‌కి పోయి 7 నంబర్ వేసుకున్నాడే, అదీ నా మంట. మాంచెస్టర్ సిటీ మీద 96వ నిమిషంలో వాడు గోల్ కొడితే మా హాస్టల్ రూమ్మేట్ నా మంచమెక్కి గెంతాడు, నా మంచం, దాని పైన గోడకి ఓవెన్ పోస్టరే.

తొడపట్టు: మరి ఆ ముక్క మొదటే చెప్పొచ్చుగా, ఇస్తాంబుల్ దాకా తిప్పావు. 2005లో లివర్‌పూల్‌కే తిరిగొద్దామనుకున్నాడు, న్యూకాజిల్ ఇచ్చిన రేటు మీవాళ్ళు ఇవ్వలేదు. 2009లో న్యూకాజిల్ కింది డివిజన్‌కి దిగిపోయింది, కాంట్రాక్ట్ అయిపోయింది, పిలిచినవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. ఒళ్ళు సహకరించనోడు నీ పోస్టర్ కోసం ఇంట్లో కూర్చోవాలా?

కాప్_కుర్రోడు: కూర్చోవాలి. మన ఊళ్ళోనే ఉన్న ప్రత్యర్థి ఎవర్టన్‌కి పోయినా ఇంత బాధపడేవాణ్ణి కాదు.

సగం_నిద్ర: చిన్నప్పుడు తను ఎవర్టన్ ఫ్యానే, తెలీదా?

కాప్_కుర్రోడు: ఏంటీ

ఆఫ్‌సైడ్_అంకుల్: పాయింట్లు ఎన్నైనా రానీ బాబూ, రావుల్‌కే రావాలి.