పెదనాన్న పెట్టెలో స్పీడ్‌వే పత్రికలు: ఇది అచ్చుతప్పేనా?

కావలి ప్రెస్సు అడిగారు:

నమస్కారం. మాది కావలి. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు వేసే చిన్న ప్రెస్సు నడుపుతాను.

మా పెదనాన్న 1974 నుంచి 1986 దాకా ఇంగ్లండులో, కొవెంట్రీలో, ఎక్స్‌రే విభాగంలో పనిచేసి తిరిగి వచ్చారు. మొన్న సంక్రాంతికి ముందు కాలం చేశారు. ఇల్లు సర్దుతుంటే మంచం కింద మూడు ట్రంకు పెట్టెలు బయటపడ్డాయి. పొలం కాగితాలుంటాయని మా అన్నయ్య ఆశపడ్డాడు. మూత తీస్తే పైన ఎండిన వేపాకు, కింద వరసగా స్పీడ్‌వే స్టార్ అనే ఇంగ్లీషు వారపత్రికలు. మోటారుసైకిల్ పందేల పత్రిక. అన్నయ్య అప్పుడే టీ తాగడానికి వెళ్లిపోయాడు.

ఇక్కడికి వచ్చేశాక కూడా ఆయన చాలాకాలం చందా కట్టారు. ఓడ టపాలో వచ్చేవి. రెండు నెలలు ఒక్కటీ ఉండేది కాదు, తర్వాత ఒకే రోజు అయిదారు దిగేవి. పెదనాన్న వాటిని ఒక్క ఊపున చదివేవారు కాదు. తేదీల ప్రకారం పేర్చుకుని వారానికి ఒక్కటే, అదీ శనివారం రాత్రి, అన్నం తిన్నాక విప్పేవారు. ‘‘ఎవరు గెలిచారో ముందే చెప్పేస్తారన్న భయం లేదమ్మా, కావలిలో ఎవరికి తెలుసు’’ అనేవారు. ఒక ప్రకటనలో జావా బండి చూసి సంబరపడ్డాను, మా నాన్నదీ జావాయే. తీరా చూస్తే ఆ బొమ్మలో బండికి బ్రేకు లేదు. బొమ్మ గీసినవాడు మరిచిపోయాడని పెదనాన్నతో అంటే ఆయన చాలాసేపు నవ్వారు, కారణం మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు అసలు విషయం. ప్రతి సంచికలో నాలుగైదు పేజీలు ఫలితాలే. చీమ తలకాయంత అక్షరాల్లో పేర్లు, అంకెలు. పట్టిక కూర్చడం ఎంత చాకిరీయో నాకు తెలుసు కాబట్టి ఆ పేజీలు చూస్తూ కూర్చున్నాను. ప్రతి పోటీలో రెండు జట్ల అంకెల పక్కన పెదనాన్న పెన్సిలుతో టిక్కు పెట్టారు. 40–38, 43–35, 51–27. నేను చూసినంతలో ఏది కూడినా 78. ఒక్కచోట మాత్రం 41–36 అని ఉంది. కూడితే 77. అక్కడ టిక్కు లేదు. అంకెల చుట్టూ సున్నా చుట్టి, పక్కన 7 అని ఒక్క అంకె రాసి వదిలేశారు. అచ్చుతప్పు పట్టుకుని, 78 అని దిద్దబోయి ఆపేశారని నా అనుమానం. ప్రూఫు దిద్దేవాళ్లకు ఇలాంటివి కనబడితే నిద్రపట్టదు. నాకూ పట్టలేదు.

ఈ ఆట సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇంకొకటి: ఇంత చిన్న ఆటకు వారం వారం ఒక పత్రిక ఎలా నడిచింది? మన దగ్గర ఇంటింటికీ వెళ్లిన వారపత్రికలే మాయమయ్యాయి కదా. పాత పేపర్ల అబ్బాయి ఆదివారం వస్తానన్నాడు. కిలో లెక్కన వేసెయ్యనా?

—

పామూరు వాసి:

అచ్చుతప్పే. అంకెలు కూర్చేటప్పుడు 2 బదులు 1 పడి ఉంటుంది. చెదలు ఇల్లంతా పాకకముందే వేసెయ్యండి.

—

ఒంగోలు పాత ఏజెంటు:

ఆట గురించి నాకు తెలియదు. పత్రికల గురించి చెప్పగలను, ఇరవై ఏడేళ్లు అదే పని చేశాను.

ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ వారపత్రికల కట్టలు రైల్లో దిగేవి. సీరియల్ రసపట్టులో ఉంటే కట్ట తాడు కోయకముందే చేతులు చాచేవాళ్లు. హీరోయిన్ బావిలో దూకిందా లేదా అని నన్నే అడిగేవాళ్లు, నేను రాసినట్టు. మిగిలిన కాపీల పైఅట్ట మీది పేరున్న ముక్క చించి, లెక్కతో పంపితే ఆ డబ్బు మా ఖాతాలో తగ్గించేవాళ్లు. టీవీ సీరియళ్లు వచ్చాక ఆ ముక్కల కట్ట లావెక్కుతూ వచ్చింది. అమ్మినవాటికన్నా చించినవి ఎక్కువైన వారం మా ఆవిడ ‘‘ఇక చాలు’’ అంది. పాఠకులకు పత్రిక మీద కోపమేమీ లేదు. వాళ్లకు కావలసింది ఇంకోచోట, ఇంకా తొందరగా, డబ్బులు లేకుండా దొరికింది, అంతే.

దీనికి అడ్డంగా నిలబడింది నెల్లూరు జమీన్ రైతు. స్వాతంత్ర్యానికి ముందు మొదలైన వారపత్రిక. అందులో పడే ఊళ్ల సంగతులు వేరే పత్రికల్లో పడవు. దాని చందాదారుడు ఒక వారం రాకపోతే పోస్టాఫీసుకు వెళ్లి అడిగే రకం. మీ పెదనాన్నగారి పత్రికదీ అదే రకం జనం అయ్యుండాలి. తక్కువమందే, కానీ వదలరు. అలాంటి పత్రికకు ప్రకటనలు ఇచ్చేవాళ్లు కూడా లోపలివాళ్లే, సబ్బుల కంపెనీ రాదు. ఇబ్బంది ఏమిటంటే ఒక చందాదారుడు పోతే అతని కొడుకు చందా కట్టడు. ఏజెంటుగా నేను ఎక్కువ భయపడింది దానికే.

కిలో లెక్కన వెయ్యకండి. ఇది ఏజెంటు మాట కాదు, పెద్దవాడి మాట.

—

ఇప్స్‌విచ్‌లో కందుకూరు:

అచ్చుతప్పు కాదండీ!

నేను ఇక్కడ పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. (మేం వచ్చేటప్పుడు కందుకూరు ప్రకాశం జిల్లా, 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు. మా అమ్మ ఆ తర్వాత కూడా పాత జిల్లా పేరే రాసేది.) మా వీధిలో ఒక పెద్దాయన గురువారం సాయంత్రాలు ఫాక్స్‌హాల్ స్టేడియానికి తీసుకెళ్లి ఈ పిచ్చి అంటించాడు.

ఒక్కో పరుగును హీట్ అంటారు. కోడిగుడ్డు ఆకారపు బాట, దాని మీద ఎర్రటి కంకర పొడి. నలుగురు, నాలుగు చుట్లు, నిమిషం అటూ ఇటూ, అంతే. 500 సీసీ బండి, ఒకటే గేరు, మిథనాల్ ఇంధనం. మీ జావా బొమ్మ సరైనదే, ఈ బళ్లకు బ్రేకులు ఉండవు. మలుపులో వెనక చక్రాన్ని పక్కకు జారనిచ్చి, ముందు చక్రాన్ని ఎదురు తిప్పి తోలతారు. పెద్దాయన ఎందుకు నవ్వారో నాకు అర్థమైంది. నేనూ మొదటి రోజు బ్రేకు ఏదని అడిగాను.

మొదటివాడికి 3, రెండోవాడికి 2, మూడోవాడికి 1, చివరివాడికి సున్నా. హీటుకు 6. అప్పట్లో లీగ్ పోటీకి 13 హీట్లు, అందుకే 78. ఇప్పుడు 15 హీట్లు, మొత్తం 90. అయితే ఇద్దరే ముగింపు గీత దాటితే? ఆ మూడో స్థానం ఒక పాయింటు ఎవరికీ పోదు, గాలిలో కలిసిపోతుంది. 77 అలా వస్తుంది. ఆ ఒక్క పాయింటు కోసం ఇంజను ఆగిపోయినవాడు బండిని చేత్తో తోసుకుంటూ గీత దాకా రావడం నేను చూశాను. జనం గెలిచినవాణ్ణి వదిలి వాడికే చప్పట్లు కొట్టారు. మీరు చూస్తున్న పేజీలో ఒకే హీటులో ఒకడి పక్కన పడిపోయినట్టు, ఇంకొకడి పక్కన ఇంజను ఆగినట్టు గుర్తు ఉంటుంది, వెతకండి.

పత్రిక సంగతి. అది మొదలైంది 1952లో, ఏమంత మంచి ముహూర్తం కాదు. యుద్ధం అయ్యాక స్టేడియాలు నింపిన జనం అప్పటికే పలచబడుతున్నారు, ఆ దశాబ్దం గడిచేలోపు ఎన్నో బాటలు మూతపడ్డాయి. 1965లో బ్రిటిష్ లీగ్ పెట్టాక మళ్లీ ఊపు వచ్చింది. మీ పెదనాన్నగారు అదృష్టవంతులు. కొవెంట్రీ జట్టు 1978, 1979 రెండేళ్లూ లీగ్ గెలిచింది. మూడుసార్లు ప్రపంచ విజేత, డెన్మార్క్ ఆటగాడు ఓలె ఓల్సెన్ అప్పుడు ఆ జట్టులోనే. వాళ్ల పోటీలు శనివారం రాత్రి జరిగేవి. ఆయన శనివారమే పత్రిక విప్పేవారని మీరు రాసింది చదివి కాసేపు ఆగిపోయాను.

ఆ కొవెంట్రీ స్టేడియంలో 2016 తర్వాత స్పీడ్‌వే లేదు. పీటర్‌బరో, వుల్వర్‌హాంప్టన్‌లలో 2023తో ఆగిపోయింది. ఊరి అంచున ఉన్న స్థలం, ఇళ్లు కట్టేవాళ్ల కన్ను పడుతుంది. ఒక ఊరి జట్టు పోతే ఆ ఊరివాళ్లు పక్క ఊరి జట్టుకు మారరు, ఆట చూడటమే మానేస్తారు, పత్రిక కొనడం కూడా. డబ్బు, జనం ఇప్పుడు పోలండ్‌లో. 2019–2024 మధ్య అయిదుసార్లు ప్రపంచ విజేత అయిన బార్తోష్ జ్మార్జ్‌లిక్ పోలండ్ వాడే. పైగా ఫోను వచ్చింది. నేను మూడో హీట్ చూస్తుండగానే పక్కాయన ఇంకో ఊళ్లో ఏడో హీట్ ఫలితం చెబుతాడు. ఆయన ఒళ్లో మాత్రం ఇంకా అచ్చు కార్యక్రమ పత్రమే, పెన్నుతో గళ్లు నింపుకుంటూ.

పాత సంచికలు సేకరించేవాళ్లు ఇక్కడ ఉన్నారు. పెన్సిలు గీతలుంటే ధర తగ్గిస్తారు. కాబట్టి గీతలున్నవి అమ్మకండి.

—

కావలి ప్రెస్సు:

దొరికింది.

భూతద్దం పెట్టి చూశాను. ఒకడు పడిపోయాడు, ఒకడికి ఇంజను ఆగింది, రెండూ ఒకే హీటులో. ఏడో హీటు. పెదనాన్న పక్కన రాసిన 7 అదన్నమాట. ఆయన 78 రాయబోయి ఆపలేదు, దిద్దడానికి అక్కడ తప్పే లేదు. నేనే తప్పు ప్రూఫు చదివాను. పామూరు వాసి గారూ, మీరూ నాతోపాటే.

అప్పటినుంచి మిగతావి కూడా తిరగేస్తున్నాను. 1981 వెంబ్లీ ప్రపంచ ఫైనల్ సంచికలో టికెట్టు ముక్క ఒకటి ఉంది. గెలిచిన అమెరికా ఆటగాడు బ్రూస్ పెన్‌హాల్ పేరు కింద గీత లేదు. రెండో స్థానం ఓల్సెన్‌కు, మూడో స్థానం టామీ నుడ్‌సెన్‌కు మాత్రం రెండేసి గీతలు. ఇద్దరూ కొవెంట్రీ వాళ్లేనట, కింద ఆయనే రాసుకున్నారు. అక్కడికి వెళ్లానని మాకెవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

పాత పేపర్ల అబ్బాయిని రావద్దని ఫోను చేశాను. సంవత్సరం వారీగా బైండు చేయిస్తున్నాను, మా ప్రెస్సులోనే. అంచులు కోయవద్దని కుర్రాడికి చెప్పాను, గీతలన్నీ అంచుల్లోనే ఉన్నాయి.

కందుకూరు గారూ, ఇంకొక్క సందేహం. ఒక పేజీలో మొత్తం సరిగ్గా 78 వచ్చింది, టిక్కు కూడా ఉంది. అయినా పక్కన సున్నా చుట్టి 11 అని రాసి, ప్రశ్నార్థకం పెట్టారు. పదకొండో హీటులో నలుగురూ గీత దాటారు. మరి ఇదేమిటి?